‘లేదు’ అనని మేడమ్

ఉరవకొండ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఉగ్గాని తింటుంటే, నాతోపాటు యూనివర్సిటీలో పరిశోధన చేసిన మిత్రుడొకడు లోపలికి వచ్చాడు. నన్ను చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంటూనే అడిగాడు.

“మన లైబ్రరీ మేడమ్ పోయినారంట. నీకు తెలుసునా?”

“ఎప్పుడు?”

“పోయిన నెల్లోనే. గుత్తిలో పూడ్చినారంట. నాక్కూడా మొన్ననే తెలిసింది.”

అంతకుమించి వాడికీ తెలియదు. టీ తాగి బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను మిగిలిన ఉగ్గాని ప్లేటులోనే వదిలేసి లేచాను.

ఆమె పేరు రాయను. నా థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు వేస్తే, టైపు చేసిన కాగితం మీదే పెన్సిల్‌తో కొట్టేశారు. “నా పేరుతో ఏం పని? మూడో చాప్టర్లో తప్పులుండాయి, అవి దిద్దుకోపో” అన్నారు. బతికి ఉన్నప్పుడు వద్దన్న పేరు ఇప్పుడు ఎందుకు రాయాలి?

తొంభైల చివర్లో నేను అనంతపురంలో పరిశోధక విద్యార్థిగా చేరేనాటికి ఆమె లైబ్రరీలో పరిశోధన విభాగం చూస్తున్నారు. గుత్తి నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, చదువుకుని అక్కడిదాకా వచ్చారని ఎవరో చెబితే తెలిసింది. తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. సన్నగా, నిటారుగా ఉండేవారు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్. మేము గుసగుసలు మొదలుపెడితే నోరు తెరిచేవారు కాదు. పెన్సిల్ తీసి టేబుల్ మీద ఒక్కసారి కొట్టేవారు. ఆ టక్కుమనే చప్పుడుకు పీహెచ్‌డీ చేస్తున్న పెళ్ళయిన మగవాళ్ళు కూడా తలలు దించుకునేవారు.

పాత పుస్తకం కావాలంటే ముందు “చేతులు చూపియ్యప్పా” అనేవారు. అవి హాస్టల్లో నీళ్ళు రాని రోజులు. శనక్కాయలు తిన్న చేతుల్ని ప్యాంటుకు తుడుచుకుని చాపేవాళ్ళం. ఆమె మా వేళ్ళ వంక చూసి, వరండాలోకి నడిచి, ఇంటి నుంచి తెచ్చుకున్న తాగేనీళ్ళ సీసా మా చేతుల మీద వంచేవారు. ఆ నీళ్ళు ఆమెకు సాయంత్రం దాకా ఉండాల్సినవి. అది తెలిసే కడుక్కునేవాళ్ళం కాబట్టి మరుసటి రోజు నుంచి శనక్కాయలు తిని వచ్చేవాళ్ళం కాదు.

చెదలంటే ఆమెకు పామంత భయం. వారం వారం మోకాళ్ళ మీద కూర్చుని, కింది అరల వెనక గోడను వేలితో తడుముకుంటూ పోయేవారు. ఎక్కడైనా సన్నటి మట్టిగీత కనిపించిందా, ఇక ఆ రోజు ఎవరికీ చదువు లేదు. అందరం పుస్తకాలు దించాల్సిందే, అరలు దులపాల్సిందే, వేపాకు పరవాల్సిందే.

‘లేదు’ అనే మాట మాత్రం ఆమె నోట వినలేదు. ఒకసారి కొత్తగా వచ్చిన గుమాస్తా ఎవరికో “ఆ పుస్తకం లేదు” అన్నాడు. మేడమ్ పెన్సిల్ చప్పుడు చేశారు.

“లేదు అనేది మన మాట కాదప్పా. ‘ఈడ లేదు’ అను. ఈడ లేకుంటే యాడుండాదో కనుక్కోని చెప్పేదే మన పని.”

నేను చేస్తున్న పరిశోధన మా జిల్లాలోని పాత బావులు, చెరువుల మీద. మాది ఉరవకొండ దగ్గర మెట్ట పల్లె. నాయన వేరుశనగ వేసి, ఆకాశం చూసి, మళ్ళీ వేసి, మళ్ళీ చూసే రైతు. కరువు మాకు కొత్త కాదు. కానీ ఎప్పుడూ ఇంతేనా, ఒకప్పుడు వేరుగా ఉండేదా అన్నది నా ప్రశ్న. దానికి జవాబు ఒక్కచోటే ఉంది. తెల్లవాళ్ళ కాలంలో తాలూకా తాలూకా తిరిగి, ఊరూరా ఎన్ని బావులున్నాయో, ఏ చెరువు కింద ఎంత సాగయ్యేదో రాసిపెట్టిన సర్వే సంపుటాలవి. మూడు పెద్ద పుస్తకాలు.

నా గైడ్‌ను అడిగితే, “అవి మన లైబ్రరీలో లేవు. తెల్లవాళ్ళ కాలం చాప్టర్ వదిలెయ్” అన్నారు. ఆయన మా శాఖలో పెద్ద ప్రొఫెసర్. ఆయన మాట దాటి మా శాఖలో పెన్ను కూడా కదిలేది కాదు. అయినా మనసాగక ఒకరోజు మేడమ్‌ను అడిగాను.

“ఎవరప్పా నీ గైడు?”

చెప్పాను.

“ఈడ లేవు. మీ సార్ ఇంట్లో ఉండాయి.”

ఆ పుస్తకాలు ఆయన తీసుకుపోయి చాలా ఏళ్ళయిందట. మేడమ్ ఏటా తిరిగి ఇవ్వమని ఆయనకు రాస్తూనే ఉన్నారట. ఇంతకు ముందు ఇద్దరు విద్యార్థులు అవే అడిగి, దొరక్క, అంశమే మార్చుకున్నారట.

“మేడమ్, నేను అడిగినానని సార్‌కు తెలిస్తే…”

“నువ్వు అడగపన్లేదు. అడిగేది నేను. నువ్వు గమ్మునుండు.”

నేను గమ్మునే ఉన్నాను. కానీ ఆ ఏడాదే ఆయన రిటైరవుతున్నారు. పింఛను రావాలంటే, లైబ్రరీకి ఇవ్వాల్సిన పుస్తకాలేవీ లేవని ఒక సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం ప్యూను చేత పంపారు. మేడమ్ సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తిప్పి పంపారు. ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఉద్యోగుల సంఘం నాయకుడొకడు వచ్చి ఆమె టేబుల్ మీద చేతులానించి నిలబడ్డాడు.

“ఏమ్మా, ఇంత పెద్దాయన్ని మూడు పుస్తకాల కోసరం నిలబెడతావా? పోగొట్టుకున్నాడనుకో. ఖరీదు కట్టించుకో, అయిపోతుంది.”

“అవి అంగట్లో దొరికేవి కాదన్నా. చేతులు తియ్. కింద పుస్తకముండాది.”

మేమంతా చదువుతున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాం. అతను పోతూ పోతూ, “నువ్వు ఈ సీట్లో ఎన్నాళ్ళుంటావో చూస్తాం” అన్నాడు. మేడమ్ కార్డుల పెట్టె ముందుకు లాక్కున్నారు. ఒకే కార్డును మూడుసార్లు తీసి, మూడుసార్లు అక్కడే పెట్టారు. అది చూసింది బహుశా నేనొక్కణ్ణే.

ఆ మరునాడు గైడ్ నన్ను గదికి పిలిచారు. తలుపు వేయమన్నారు. టేబుల్ మీద నా థీసిస్ ఉంది, టైపు పూర్తయిన ప్రతి. ఆ చాప్టర్ సగమే రాశాను, దొరికిన వాటితోనే.

“ఆ యమ్మకు నా ఇంట్లో పుస్తకాల సంగతి ఎత్తింది ఎవరు?”

“నేను కాదు సార్.”

“ఎవరైతే ఏమి? విను. ఆ యమ్మ నా కాగితం మీద సంతకం పెట్టిన రోజు, నేను దీని మీద సంతకం పెడతా. పోయి చెప్పుకో.”

నాకిచ్చిన గడువు దగ్గరపడింది. ఉపకారవేతనం ఆగిపోయి చాలాకాలమైంది. ఇంటి దగ్గర నాయన రెండోసారి వేసిన విత్తనమూ మొలవలేదు. ఆ పూట నేను లైబ్రరీ మెట్లెక్కుతుంటే, మేడమ్‌ను బతిమాలి సంతకం పెట్టించుకోవడం తప్ప ఇంకే ఆలోచనా లేదు. అదే చెప్పాను. ఆమె మధ్యలో అడ్డం రాకుండా విన్నారు. తర్వాత బీరువాకు తాళం వేసి, చెప్పులు తొడుక్కున్నారు.

“పద. సార్ ఇంటికి పోదాం.”

“నేనెందుకు మేడమ్?”

“పుస్తకాలు బరువుంటాయి. నేనొక్కదాన్నే మొయ్యలేను.”

మిట్టమధ్యాహ్నం. ఆటోలో వేడిగాలి ముఖాన కొడుతోంది. ఆయన డిపార్ట్‌మెంట్లోనే ఉంటారు, ఇంట్లో ఉండరన్నది ఒక్కటే ధైర్యం.

తలుపు తీసింది ఆయన భార్య. పెద్దావిడ. మేడమ్ తానెవరో చెప్పి, వచ్చిన పని చెప్పారు. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చింది.

“చూసుకోమ్మా. నేను చెబుతానే ఉండా ఆయనకు, ఎవరికన్నా చెప్పు, ఎవరికన్నా చెప్పు అని.”

ఆమె ఎందుకలా అన్నదో గది తలుపు తెరిచాక అర్థమైంది. ముందు వాసన తగిలింది, తడిమట్టి వాసన. వాన లేని ఊళ్ళో ఆ వాసన ఎంత ఇష్టంగా ఉంటుందో మాకు తెలుసు. ఆ గదిలో మాత్రం నేను ముక్కు మూసుకున్నాను. గోడ వెంట మట్టిదారులు పైకి పాకి, అలమరలోకి పోయాయి. మూడు సంపుటాలూ వరుసగా నిలబడే ఉన్నాయి. బైండు కూడా బాగానే ఉంది. మేడమ్ మొదటిది తీయబోతే, వేళ్ళు అట్టలోంచి లోపలికి దిగిపోయాయి. లోపల కాగితం లేదు. మట్టి ఉంది.

ఆమె రెండోది ముట్టుకున్నారు. మూడోది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. మూడోదాని మధ్యలో కొన్ని పేజీలు మిగిలాయి. వాటిని ఒక్కొక్కటే ఊది, ఒళ్ళో పెట్టుకుంటున్నారు. అంచులు జల్లెడలా ఉన్నాయి.

వాకిట్లో స్కూటర్ ఆగిన చప్పుడైంది. ఆ సంఘం నాయకుడే మమ్మల్ని చూసి ఆయనకు ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. ఆయన గుమ్మంలోకి వచ్చి, తెరిచిన తలుపును చూశారు. భార్యను చూశారు. నేల మీద కూర్చున్న మేడమ్‌ను చూశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. గోడకు ఆనుకున్నారు.

“ఒక పుస్తకం రాద్దామని తెచ్చినా,” అన్నారు. “ఈ సెలవుల్లో రాస్తా, వచ్చే సెలవుల్లో రాస్తా అని ఉంచినా. ఒక ఎండాకాలం అయినాక తలుపు తీస్తే ఇట్లుండాది. మళ్ళా మూసేసినా.”

“అప్పుడే చెప్పింటే సార్,” అన్నారు మేడమ్, “సగమన్నా దక్కేవి.”

“ఎవరికి చెప్పేది? ఎట్ల చెప్పేది? నా దగ్గర చదువుకునే పిల్లోళ్ళకు పుస్తకం విలువ చెప్పేటోణ్ణి.” ఆయన మేడమ్ వైపు తిరిగారు. “అమ్మా, పోయినాయి అని రాయి. ఎంత కట్టమంటే అంత కడతా. చెదలని మాత్రం రాయొద్దు. నలుగురిలో తలెత్తుకోని పోనియ్.”

మేడమ్ లేచి నిలబడ్డారు. ఒడిలోని పేజీల్ని కొంగుతో పట్టుకునే ఉన్నారు.

“పోయినాయని రాయను సార్. పోయినాయంటే, యాడో ఉంటాయని, ఎప్పుడో దొరుకుతాయని ఎవరో ఒక పిల్లోడు ఎదురుచూస్తానే ఉంటాడు. ఇంగ లేవని తెలిస్తేనే కదా ఇంగో తావున ఎతుక్కుంటాడు? నేను సంతకం పెడతా. ఈ పొద్దే పెడతా. చెదలు తిన్నాయని రాసే పెడతా.”

ఆయన ముఖం ఎర్రబడింది. ఇంతసేపూ లేని కోపం నా మీదికి తిరిగింది.

“నువ్వు రా. నీ థీసిస్ నా సంతకం లేకుండా యాడిదాకా పోతాదో నేనూ చూస్తా.”

మేడమ్ చెప్పినట్టే చేశారు. సాయంత్రానికి ఆ కాగితం మీద చెదల సంగతి రాసి, సంతకం పెట్టి పంపారు. ఆయనకు పింఛను వచ్చింది. నా థీసిస్ మీద సంతకం రాలేదు.

ఆ రోజు తిరిగి వస్తూ ఆటోలో నేను ఏడ్చాను. ఆమె ఊరడించలేదు. లైబ్రరీ ముందు దిగాక మాత్రం నా వైపు తిరిగారు.

“నీకు నష్టం చేసినా. తెలిసే చేసినా. నన్ను తిట్టుకో, ఫరవాలేదు. రేపు పొద్దున మాత్రం రా.”

రెండు రోజులు పోలేదు. మూడో రోజు పోయాను. అప్పటికే ఆమె మద్రాసులోని ఒక పాత గ్రంథాలయంలో పనిచేస్తున్న తన క్లాస్‌మేట్‌కు రాశారు. కొత్త గైడ్ కోసం నన్ను వెంటబెట్టుకుని తిరిగారు. పెద్దాయనకు భయపడి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మా శాఖలోనే అందరికంటే చిన్నవాడైన లెక్చరర్ గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు, ఆయన ఒప్పుకునేదాకా. ఆయన ఒక షరతు పెట్టాడు. మూల గ్రంథం చూసి ఆ చాప్టర్ పూర్తిగా రాయాలి.

మద్రాసు నుంచి జవాబు వచ్చింది. సంపుటాలు ఉన్నాయి. కాగితం పెళుసెక్కింది కాబట్టి జిరాక్సు తీయనివ్వరు, బయటికివ్వరు. కూర్చుని చేత్తో రాసుకోవచ్చు.

“నేనూ వస్తా,” అన్నారు మేడమ్. “నాకు సెలవులుండాయి. మన లైబ్రరీకి కూడా ఒక ప్రతి కావల్ల కదా.”

మద్రాసులో ఆమె తన క్లాస్‌మేట్ ఇంట్లో, నేను ఒక సత్రంలో ఉన్నాం. రోజూ తలుపులు తీయకముందే ఆమె గేటు దగ్గర ఉండేవారు. ఆమె మెల్లగా చదివేవారు, నేను రాసేవాణ్ణి. నా చెయ్యి నొప్పిపుడితే నేను చదివేవాణ్ణి, ఆమె రాసేవారు. ఊరి పేరు, బావుల సంఖ్య, చెరువు పేరు, ఆయకట్టు. ఊరి వెంట ఊరు. ఒకచోట ఆమె చదవడం ఆపేశారు.

“ఏమైంది మేడమ్?”

“మా ఊరప్పా. గుత్తి అవతల. మా పేట పక్కన గుంత ఒకటుండాది. చెత్త పోస్తాంటారు. అది చెరువంట. దానికి పేరు కూడా ఉండాదంట.”

ఆ పేరును రెండుసార్లు చదివారు. మా ఊరు వచ్చినప్పుడు నాకూ అంతే అయింది. నాయన వేరుశనగ వేసే చేను మధ్యలో ఒక పాత కట్ట ఉంటుంది. నాగలికి అడ్డమని దాన్ని తిట్టుకుంటూ దున్నేవాళ్ళం. అది మా చెరువు కట్ట. ఇంటికి పోయి చెబితే నాయన ఆ కట్ట దాకా నడిచి, దాని మీద కూర్చున్నాడు. “మా తాత చెబుతాంటే కత అనుకున్నామే” అన్నాడు.

నా థీసిస్ ఏడాది ఆలస్యమైంది, కానీ పూర్తయింది. ఆ ఏడాదిలో మేడమ్ సీటు కూడా పోయింది. సంఘం నాయకుడు అన్నంత పనీ చేశాడు. ఆమెను తీసుకుపోయి పాత పేపర్ల గదిలో వేశారు. కిటికీ కూడా లేని ఆ గదిలో ఆమె పేపర్లు కట్టలు కడుతుంటే, మేము ఒక్కొక్కరం పోయి మా సందేహాలు అక్కడే అడిగేవాళ్ళం. కూర్చోవడానికి కట్టలే కుర్చీలు. తర్వాత కొత్త అధికారి వచ్చి ఆమెను మళ్ళీ పరిశోధన విభాగానికి పంపాడు.

మేము రాసుకొచ్చిన ప్రతిని ఆమె బైండు చేయించి అరలో పెట్టారు. పాత సంపుటాల నంబర్లే వేద్దామని గుమాస్తా అంటే ఒప్పుకోలేదు. “అవి చచ్చిపోయినాయి. ఇవి వేరే” అన్నారు.

నాకు ఉరవకొండలో ఉద్యోగం వచ్చి కొన్నేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో పని మీద అనంతపురం పోయి లైబ్రరీలో కూర్చుని ఉన్నాను. నా పాత గైడ్ లోపలికి వచ్చారు. గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. బాగా చిక్కిపోయారు. చేతికర్ర ఉంది. కౌంటర్లో గుమాస్తా, రిటైరైన వాళ్ళు సభ్యత్వం తీసుకోవాలంటే ఉద్యోగంలో ఉన్న ఒకరు పూచీ ఉండాలని చెప్పాడు. అతనికి పాత కథ తెలుసు. గొంతు కొంచెం పెంచే చెప్పాడు.

“ఎవరుంటారు సార్ మీకు పూచీ?”

గదిలో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. ఆయన చుట్టూ చూశారు. నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. నేను యూనివర్సిటీ ఉద్యోగిని కాను, నా సంతకం చెల్లదు. చెల్లితే పెట్టేవాడినా అంటే, ఆ క్షణంలో నాకు తెలియదు. ఆయన వెనక్కి తిరిగి రెండడుగులు వేశారు.

పెన్సిల్ చప్పుడు వినిపించింది. మేడమ్ అరల మధ్య నుంచి వచ్చారు. గుమాస్తా చేతిలోంచి కాగితం తీసుకుని, నిలబడే సంతకం పెట్టి, వాడి ముందు పెట్టారు.

“ఏం పుస్తకం కావల్ల సార్?”

ఆయన మళ్ళీ కౌంటర్ దగ్గరికి వచ్చారు. “మీరు రాసుకొచ్చినారంటనే, మద్రాసు నుంచి. అది.”

ఆమె తెచ్చి ఇచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, “నాలుగు దినాలు ఇంటికి తీస్కపోవచ్చునా అమ్మా? కండ్లు సరిగా లేవు. మెల్లగా చదవల్ల” అన్నారు.

“ఇంటికి ఇయ్యను సార్. ఈడ ఎంతసేపన్నా చదవండి.”

ఆయన చేతికర్రను గోడకు ఆనించారు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని మొదటి పేజీ తెరిచారు. నేను మేడమ్ దగ్గరికి పోయి, చిన్నగా అడిగాను.

“పూచీ పెట్టినారు కదా మేడమ్. ఇంటికి ఇస్తే ఏమైతుంది?”

“పూచీ మనిషికి పెట్టినానప్పా,” అన్నారామె. “పుస్తకానికి కాదు.”

లైబ్రరీ మూసే వేళకు ఆయన పుస్తకం తెచ్చి ఆమె చేతికిచ్చారు. రేపు కూడా రావచ్చా అని అడిగారు.

“ఎండ ముదరకముందే రండి సార్,” అన్నారు మేడమ్. “మెట్ల కాడ ఎవరన్నా ఉంటారు. చెయ్యి పట్టుకుంటారు.”